రేపల్లె ఈసీజీలు ఎందుకు తప్పుగా వచ్చేవి

తెనాలిలో ఒక గుండె ఆసుపత్రి కంప్యూటర్ గదిలో పనిచేసి రిటైరయ్యానంటే చాలామంది నేను బిల్లులు కొట్టేవాణ్ణనుకుంటారు. మా బంధువుల్లో కొందరికి ఇప్పటికీ అదే నమ్మకం. నా పని వేరు. ఒక యంత్రంలో పుట్టిన సమాచారం ఇంకో యంత్రానికి చెడిపోకుండా చేరేలా చూడడం నా పని. ఆ చేరవేత చేసేవి స్క్రిప్టులు. స్క్రిప్టంటే వరుసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. ఈ ఫైలు తియ్యి, దానికి పేరు తగిలించు, అటు పంపు. యూనిక్స్ సర్వర్లలో ఈ ఆజ్ఞలను చదివి నడిపించేదాన్ని షెల్ అంటారు. ఒకసారి రాసి వదిలితే ఎవరూ చూడకపోయినా అవి పని చేసుకుపోతాయి. ఎవరూ చూడకపోవడమే వాటితో వచ్చే చిక్కు కూడా.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు ఫోన్ చేసి ఏ కోర్సు చేయాలి, ఏ పరీక్ష రాయాలి అని అడుగుతుంటారు. అవి నాకు తెలియవు. ఒకప్పుడు మా ఆసుపత్రిలో అందరం పని వచ్చినవాళ్లమే అయి ఉండి, ఎవరికీ ఏమీ అర్థంకాక ఎలా తిరిగామో అది మాత్రం చెప్పగలను. నా ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది అప్పుడే.

ఒక మనిషి ఇద్దరైన రోజు

మా పైఅధికారి సాంబశివరావు గారు బాపట్ల మనిషి. ఆసుపత్రి అంతా ఆయన రాసిన స్క్రిప్టుల మీదే నడిచేది. పని నేర్పడంలో ఆయనకు దాపరికం ఉండేది కాదు. “రాసేటప్పుడే ఆలోచించు, నడుస్తున్నదాని జోలికి పోకు” అనేవారు. ఆ మాటలో మొదటి సగం నేనిప్పటికీ ఒప్పుకుంటాను.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఓపీ దగ్గర “వెంకట గారు” అని పిలిచారు. ఒక పెద్దాయన లేచాడు. ఆయన లోపలికి వెళ్లకముందే “రత్నం గారు” అని పిలిచారు. ఆయన మళ్లీ చెయ్యెత్తి, “రెండూ నేనేనండి, ఏ గదిలోకి వెళ్లమంటారు?” అన్నాడు. ఆయన పేరు వెంకట రత్నం. మా స్క్రిప్టు ఆయన్ని ఇద్దరు రోగులుగా చేసింది.

వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా లాంటిది. లోపల ఏదైనా పెట్టి, కావలసినప్పుడు ఆ పేరుతో బయటికి తీసుకోవచ్చు. అలా తీసేటప్పుడు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టకపోతే, మధ్యలో ఖాళీ కనబడిన చోటల్లా షెల్ దాన్ని ముక్కలు చేస్తుంది. సాంబశివరావు గారు నవ్వి, గుర్తులు పెట్టించి, “గుర్తుంచుకో” అన్నారు. గుర్తుంచుకున్నాను. కానీ దానివల్ల మా ఇద్దరికీ ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. వేరియబుల్‌తో ఏ తేడా వచ్చినా మందు కొటేషన్ గుర్తులే అనుకునేవాళ్లం. ఒక మందు పనిచేసిందంటే ప్రతి జ్వరానికీ అదే వేసుకునేవాళ్లుంటారు, మేమూ అలాగే తయారయ్యాం.

తెర లేని పెట్టెలు

మా ఆసుపత్రికి రేపల్లెలో ఒకటి, బాపట్లలో ఒకటి చిన్న కేంద్రాలుండేవి. అక్కడ ఈసీజీ తీసేవాళ్లు ఉంటారు, గుండె డాక్టరు ఉండరు. అక్కడ తీసిన గీత తెనాలికి వస్తే మా డాక్టరు లలిత గారు చూసి, వీడియోలో రోగితో మాట్లాడి మందులు చెప్పేవారు.

రేపల్లె కేంద్రంలో నాగమణి పనిచేసేది. చీరాల నేతవాళ్ల ఆడపడుచు, రేపల్లె కోడలు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. ఆ అమ్మాయి ఈసీజీ తీసే తీరు చూడాలి. రోగిని కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది. ఫ్యాను ఆపేది. పట్టీలు వేసే చోట దూదితో స్పిరిట్ రాసి తుడిచి, ఆరాక పట్టీలు అంటించేది. మనిషి ఊపిరి నెమ్మదించాకే మీట నొక్కేది. బాపట్లలో శ్రీకాంత్ అనే కుర్రాడు. చలాకీ మనిషి, మంచివాడు, తొందరెక్కువ. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవాళ్లను వచ్చినట్టే పడుకోబెట్టి తీసేవాడు. అతని గీతలు ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉండేవి. లలిత గారు విసుక్కునేవారు గాని, చదవడానికి పనికొచ్చేవి.

అలా నడుస్తుండగా రెండు కేంద్రాలకీ కొత్త ఈసీజీ పెట్టెలు వచ్చాయి. చిన్నవి, తేలికైనవి, వాటికి తెర లేదు. గుండె కదలికను అంకెలుగా మార్చి కేంద్రంలోని కంప్యూటర్లో ఫైలుగా దాస్తాయి. ఆ ఫైలు తెనాలి సర్వరుకు వస్తుంది. అక్కడ సాంబశివరావు గారి స్క్రిప్టు ఫైలును ఒక వేరియబుల్లోకి చదివి, ముందు రోగి పేరు, వయసు తగిలించి, గీత గీసే ప్రోగ్రాముకు ఇస్తుంది. పాత యంత్రాలతో ఏళ్ల తరబడి పనిచేసిన స్క్రిప్టే. దాన్ని ముట్టుకోవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

పరుగెత్తే గుండెలు

కొన్నాళ్లకు లలిత గారు నన్ను పిలిచారు.

“రేపల్లె నుంచి వచ్చేవాళ్లందరికీ గుండె పరుగెడుతోందేంటండి? ఒక ఊళ్లో ఇంతమందికా?”

నేను నాగమణికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి కంగారుపడిపోయింది.

“బాబాయ్ గారూ, మీ దగ్గర నూట నలభై అని వస్తోందంటండి. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. డెబ్భై కూడా లేదు.”

లలిత గారికి ఆ మాట చెప్పాను. ఆవిడ కొట్టిపారేయలేదు. గుండె మరీ వేగంగా, అడ్డదిడ్డంగా కొట్టుకునేటప్పుడు కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావని, అందుకని చేతికి తక్కువ తగిలినంత మాత్రాన గుండె నెమ్మదిగా ఉన్నట్టు కాదని చెప్పారు. అదీ నిజమే. అక్కణ్ణుంచే మా అయోమయం మొదలైంది. ఎవరు చెప్పింది విన్నా నిజమే అనిపించేది.

కరెంటు లైనులో లోపం ఉందేమోనని ఎలక్ట్రీషియన్ని పంపాం. తీగలు మార్చాం. సముద్రపు గాలికి తుప్పేమోనని పెట్టె విప్పించాం. ఏమీ కనబడలేదు. చివరికి సాంబశివరావు గారు తెలివైన పని అనుకుని ఒక పని చేశారు. రేపల్లె పెట్టెను బాపట్లకు, బాపట్ల పెట్టెను రేపల్లెకు మార్పించారు. లోపం పెట్టెలో ఉంటే దాంతోపాటు బాపట్లకు పోవాలి కదా. పోలేదు. రేపల్లెలోనే ఉండిపోయింది. శ్రీకాంత్ తీసినవి ఎప్పటిలా వణుకుతూ, సరిగ్గా ఉన్నాయి. నాగమణి తీసినవి అద్దంలా నున్నగా, తప్పుగా ఉన్నాయి.

పెట్టె కాదు, లైను కాదు, తీగ కాదు. ఇక మిగిలింది మనిషి. లెక్క ప్రకారం ఎవరైనా అదే అంటారు. నేనూ అడ్డు చెప్పలేదు. నాగమణిని బాపట్ల పంపి శ్రీకాంత్ దగ్గర పని నేర్చుకోమన్నారు.

వెళ్లేముందు ఆ అమ్మాయి ఫోన్లో ఒకటే అడిగింది.

“నేనేం తప్పు చేస్తున్నానో ఎవరైనా చెప్తే మానేస్తాను కదండి. ఎవరూ చెప్పట్లేదు.”

జాగ్రత్తగా వెళ్లి రమ్మని ఫోన్ పెట్టేశాను.

మందు పనిచేసినట్టే ఉంది

ఆమె బాపట్లలో ఉన్న రోజుల్లోనే సాంబశివరావు గారు తన పాత స్క్రిప్టు తీసి చూశారు. అందులో ఈసీజీ అంకెలున్న వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు లేవు. మా ఇద్దరికీ వెంకట రత్నం గారు గుర్తొచ్చారు. గుర్తులు లేకపోతే, షెల్ కంటికి ఖాళీలాగా కనబడే విలువలున్న చోటల్లా అంకెలు చెదిరిపోతాయి. అది నిజమైన తప్పే. ఆయన గుర్తులు పెట్టారు. గీతల ఆకారం కొంచెం మెరుగుపడింది కూడా.

అదే వారంలో నాగమణి రేపల్లె తిరిగొచ్చింది. రాగానే కేంద్రం నుంచి సరైన గీతలు రావడం మొదలైంది. సాంబశివరావు గారు హాయిగా ఊపిరి పీల్చుకుని, లలిత గారికి కబురు చేశారు. “తప్పు దొరికిందండి, సరిచేశాం. ఇక రేపల్లె గీతల్ని నమ్మొచ్చు.”

నాకు లోపల ఎక్కడో పొసగలేదు. ఆ తర్వాత కూడా ఒక్కోరోజు మళ్లీ పరుగెత్తే గీత వచ్చేది. తప్పు స్క్రిప్టులో ఉండి సరిచేస్తే పూర్తిగా పోవాలి. మనిషిలో ఉండి నేర్చుకుంటే పూర్తిగా పోవాలి. ఇలా వస్తూ పోతూ ఉండడమేమిటి? అడిగితే సాంబశివరావు గారు, “కొందరికి నిజంగానే గుండె వేగంగా ఉండొచ్చు కదయ్యా” అన్నారు. అదీ నిజమే.

కొత్తవాళ్లకు నేను చెప్పే గట్టి మాట ఒకటుంది. ఒకేసారి రెండు మార్పులు జరిగి జబ్బు తగ్గితే, ఏ మందు పనిచేసిందో మీకు తెలియనట్టే. తెలిసినట్టు ఇంకొకరికి చెప్పకండి. వాళ్లు మీ మాట నమ్మి ముందుకెళ్తారు.

సుబ్బులు మామ్మ

నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే చోట పనిచేసే ఒక పెద్దామె, సుబ్బులు, కళ్లు తిరుగుతున్నాయని రేపల్లె కేంద్రానికి వచ్చింది. నాగమణి ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నెమ్మదిగా, శ్రద్ధగా ఈసీజీ తీసింది. తెనాలిలో గీత నూట ముప్పై చూపించింది. నాగమణి వేళ్లకు మాత్రం నలభై చిల్లర తగిలింది. ఆ మాట వీడియోలో చెప్పింది.

లలిత గారు గీతను చాలాసేపు చూశారు. స్క్రిప్టు సరిచేశామని మేం చెప్పి ఉన్నాం. గుండె వేగం తగ్గించే మాత్రలు రాశారు.

కొద్దిరోజుల్లోనే సుబ్బులు చేపల గంప దించుతూ కూలబడిపోయింది. పక్కవాళ్లు నీళ్లు చల్లి లేపి, రేపల్లె కేంద్రానికి తీసుకొచ్చారు. నాగమణి ఆమెను పడుకోబెట్టి, వెంటనే నాకు ఫోన్ చేసింది. డాక్టరు గారికి కాదు, నాకు.

“బాబాయ్ గారూ, మీరొకసారి రండి. గీత సంగతి తేలేదాకా నేను ఈమెకు ఆ మాత్ర ఇంకోటి వెయ్యను. నన్ను తీసేసినా సరే.”

నేను లలిత గారికి చెప్పాను. ఆవిడ మాత్రలు ఆపమని, ఆమెను అక్కడే మంచం మీద ఉంచి కనిపెట్టుకోమని చెప్పారు. ఉదయం రైల్లో నేను రేపల్లె బయలుదేరాను.

నేను బల్ల మీద పడుకున్నాను

కేంద్రానికి వెళ్లేసరికి సుబ్బులు గోడవైపు మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి, “ఈయన డాక్టరా?” అని అడిగింది. “కాదు మామ్మా, కంప్యూటరు ఆయన” అంది నాగమణి. “అయితే ఎందుకొచ్చాడు?” అందామె.

ఏం చేయాలో తోచక, “నాకు తియ్యమ్మా” అన్నాను. నాగమణి తన పద్ధతిలో అంతా చేసింది. మంచినీళ్లు, ఫ్యాను ఆపడం, దూది, స్పిరిట్. నేను కళ్లు మూసుకుని ప్రశాంతంగా పడుకున్నాను. ఫైలు తెనాలికి వెళ్లింది. గీత నా ఫోన్‌కు వచ్చింది. నూట ముప్పై దాటింది.

“నాడి ఎంతుంది?” అన్నాను.

“డెబ్భై అండి.”

నా గుండె ఝల్లుమంది. తప్పు గీతలో ఉందని తెలుసు. తెలిసినా, గీతే నిజమైతే అన్న భయం వేసింది. నా తండ్రి గుండె జబ్బుతోనే పోయాడు. చేతులు వణకడం మొదలైంది. నాగమణి అది చూసి, “ఒక్క నిమిషం ఆగండి, కుదుటపడ్డాక మళ్లీ తీస్తాను” అంది.

“వద్దు, ఇప్పుడే తియ్యి” అన్నాను. ఎందుకన్నానో తెలియదు, భయంతోనే అన్నాను.

ఆ వణుకుతోనే తీసింది. గీత వచ్చింది. తొంభై ఐదు. చేతికి కూడా తొంభై ఐదే.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రశాంతంగా పడుకుంటే నూట ముప్పై, భయంతో వణికిపోతుంటే తొంభై ఐదా? గీతలో వేగం తగ్గడమేమిటి? పైగా భయపడినప్పటి గీతే చేతి నాడితో సరిపోయింది.

నాగమణి నా ఒంటి మీది పట్టీలు తీసేసింది. తర్వాత నెమ్మదిగా అంది.

“బాబాయ్ గారూ, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. బాపట్ల వెళ్లొచ్చాక నేను సరిగా తీయడం మానేశాను. స్పిరిట్ రాయను. ఫ్యాను ఆపను. ఆయాసంతో వస్తే ఆయాసంతోనే తీసేస్తాను. అలా తీస్తే సరిగ్గా వస్తోందండి. పాపం ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు వచ్చినప్పుడు మనసొప్పక శుభ్రంగా తీస్తాను. అప్పుడే తప్పొస్తోంది.”

చెబుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. కానీ ఎక్కడ వెతకాలో మాత్రం తెలిసింది. అప్పటిదాకా మేమంతా చెడ్డ గీతల్లో తప్పు వెతుకుతున్నాం. తప్పు మంచి గీతలకు మాత్రమే పడుతోంది.

లెక్కకు రాని సున్నాలు

కేంద్రం కంప్యూటర్లో నా రెండు ఫైళ్లూ ఉన్నాయి. ఒకే వ్యవధి తీసినవి కాబట్టి రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. తెనాలిలో గీత గీసే ప్రోగ్రాముకు అందినవి ఫోన్‌లోంచి సర్వరులోకి వెళ్లి చూశాను. భయపడినప్పటి ఫైలు కొద్దిగా తగ్గింది. ప్రశాంతంగా ఉన్నప్పటి ఫైలు దాదాపు సగమైంది.

ఏవి పోయాయో ఒక్కొక్క బైటూ పోల్చి చూశాను. బైటంటే ఒక చిన్న సంఖ్య పట్టేంత జాగా అనుకోండి. పోయినవన్నీ సున్నాలే. ఇంకో అంకె ఒక్కటి కూడా పోలేదు.

ఆ తర్వాత అంతా దానంతటదే విడిపోయింది. ఈసీజీలో రెండు దెబ్బల మధ్య గుండె విశ్రాంతిగా ఉండే చోట గీత సమంగా ఉంటుంది. పాత యంత్రాలు ఆ సమమైన చోటును నూట ఇరవై ఎనిమిది అనే సంఖ్యతో రాసేవి. కొత్త పెట్టెలు సున్నాతో రాస్తున్నాయి. షెల్ అక్షరాల కోసం పుట్టింది, దాని పుట్టుకలోనే సున్నా బైటుకు ‘మాట ఇక్కడితో అయిపోయింది’ అనే అర్థం ఉంది. అందుకని వేరియబుల్ అనే ఆ డబ్బాలో సున్నా బైటు పట్టదు. ఫైలును వేరియబుల్లోకి చదివేటప్పుడు మా షెల్ సున్నాలన్నిటినీ పారేసి, మిగిలినవాటిని దగ్గరకు జరిపేసింది. దెబ్బల మధ్య విశ్రాంతి మాయమై, దెబ్బలు పక్కపక్కకు చేరి, గుండె పరుగెడుతున్నట్టు కనబడింది. పెట్టె తీసే వ్యవధి ఎక్కువ, పేజీ మీద పట్టేది తక్కువ కాబట్టి సగానికి పైగా పోయినా పేజీ నిండేది. ఎవరికీ అనుమానం రాలేదు.

శ్రీకాంత్ గీతల్లో వణుకు వల్ల సమమైన చోటు కూడా ఒకటి, రెండు, మూడుగా ఊగేది. సున్నాలు తక్కువ, పోయేవీ తక్కువ. నాగమణి ఎంత శ్రద్ధగా తీస్తే అన్ని సున్నాలు వచ్చేవి. ఆమె శ్రద్ధనే మా స్క్రిప్టు పారేస్తూ వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చి, సుబ్బులు మామ్మ అసలు ఫైలును స్క్రిప్టు జోలికి పోకుండా నేరుగా గీత గీసే ప్రోగ్రాముకు ఇచ్చాను. వచ్చిన పేజీ చూసి నాకు ఈసీజీ చదవడం రాకపోయినా భయం వేసింది. ఒక దెబ్బ. తర్వాత పొడవాటి ఖాళీ. ఇంకో దెబ్బ. లలిత గారికి పంపాను. నిమిషంలో ఫోన్ వచ్చింది.

“ఇదెవరిది?”

“సుబ్బులు గారిదేనండి. మొదటి రోజుదే.”

“ఆమెను కదిలించకండి. అంబులెన్సు పంపుతున్నాను, గుంటూరు తీసుకెళ్లాలి. నాగమణిని తోడు వెళ్లమనండి.”

ఆమె గుండె వేగంగా లేదు. మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది, మధ్యలో ఆగి ఆగి. ఆ ఆగిన చోట్లే జబ్బు. అవన్నీ సున్నాలు. గుండె ఎంత నెమ్మదిస్తే మా స్క్రిప్టు అంత ఎక్కువ పారేసి, అంత ఎక్కువ వేగం చూపించింది. దాని మీద మేం ఇంకా నెమ్మది చేసే మాత్ర వేశాం.

గుంటూరులో ఆమెకు పేస్‌మేకర్ పెట్టారు. బతికింది. మాత్ర వల్ల కూలబడిందా, మాత్ర లేకపోయినా జబ్బు వల్లే కూలబడేదా అని నేను లలిత గారిని అడిగాను. “తెలియదండి” అన్నారు. ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.

మీరు చేయవలసింది

అక్షరాలు కాని సమాచారాన్ని, అంటే బొమ్మలు, శబ్దాలు, యంత్రాలు పంపే అంకెలు ఇలాంటివాటిని వేరియబుల్లో పెట్టకండి. ఫైలును ఫైలుగానే ఉంచి, గొట్టంలో నీళ్లు పారినట్టు ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి పైపు ద్వారా పారనివ్వండి. షెల్ దారి చూపాలి గాని సరుకు ముట్టుకోకూడదు. పేరో వయసో తగిలించాలంటే ముందు అది రాసి, దాని వెనకే ఫైలును వదలండి.

తప్పనిసరిగా వేరియబుల్లోనే మొయ్యాల్సి వస్తే, ముందు బేస్64 అనే పద్ధతిలో మామూలు అక్షరాలుగా మార్చి పెట్టండి. అవతల తిరిగి విప్పుకోండి. పరిమాణం మూడో వంతు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఒక ఆజ్ఞ ఇచ్చిన ఫలితాన్ని వేరియబుల్లోకి తీసుకుంటే చివర ఉన్న కొత్త లైను గుర్తులు కూడా రాలిపోతాయి, అది మరవకండి. విలువ పది అయిన బైటే ఆ కొత్త లైను గుర్తు. కాబట్టి మీ ఆఖరి సంఖ్య పది అయితే అది పోయినట్టే. కొటేషన్ గుర్తులు పెట్టండి, కానీ అవి పోయిన సున్నాను వెనక్కి తేలేవు.

బయలుదేరిన చోటా, చేరిన చోటా బైట్లు లెక్కపెట్టి పోల్చండి. మేం ఆ ఒక్క పని మొదటి రోజే చేసి ఉంటే ఈ కథ లేదు. పరీక్షించేటప్పుడు మీ పేరు, మీ ఊరు పంపి బాగా వచ్చిందని మురిసిపోకండి. అందులో సున్నాలుండవు. ఉత్త సున్నాల ఫైలు ఒకటి పంపి చూడండి.

ఇంకొకటి. సున్నాలు పారేసేటప్పుడు మా షెల్ ఊరుకోలేదు, ప్రతిసారీ హెచ్చరిక ఇచ్చింది. స్క్రిప్టులో హెచ్చరికలన్నిటినీ ఎటూ కాని చోటికి మళ్లించే ఒక మాట రాసి ఉంది. అవి సర్వరులో జాగా నింపేస్తున్నాయని ఎప్పుడో అలా రాశారు. అంత అయోమయంలో మేం తిరుగుతున్నంత కాలం సర్వరు మాకు జవాబు చెబుతూనే ఉంది.

రేపల్లెలో ఇద్దరు

నేను తెనాలి తిరిగొచ్చి సాంబశివరావు గారి ముందు రెండు ఫైళ్లూ పెట్టాను. ఆయన చాలాసేపు తెర చూశారు. హెచ్చరికలు మళ్లించిన మాట దగ్గర వేలు పెట్టి, “ఇది నేనే రాశాను” అన్నారు. అప్పటికప్పుడు కూర్చుని స్క్రిప్టంతా తిరగరాశారు. రాసింది నన్ను చూడమన్నారు. అంతకుముందు ఎన్నడూ అలా అడగలేదు.

తర్వాత ఒకరోజు, “రేపల్లె వెళ్దాం, వస్తావా?” అన్నారు. ఇద్దరం వెళ్లాం. నాగమణి కుర్చీలు వేసింది. ఆయన నిలబడే మాట్లాడారు.

“తప్పు నీది కాదమ్మా. నా స్క్రిప్టుది. నిన్ను బాపట్ల పంపించింది నేనే. అందరి ముందూ చెప్పమన్నా చెప్తాను.”

ఆమె తల వంచుకుని విన్నది. “అందరికీ చెప్పక్కర్లేదండి. శ్రీకాంత్‌కి చెప్పండి చాలు, పాపం నాకు నేర్పాలని బాగా కష్టపడ్డాడు” అంది. మేం ముగ్గురం నవ్వాం. నవ్వాక ఆమె మొహం గంభీరమైంది.

“నాకు ఒకటి కావాలండి. చేతికి ఒకటి తగిలి, గీతలో ఇంకోటి వస్తే నేను నేరుగా మేడమ్ గారికే ఫోన్ చేస్తాను. మధ్యలో ఎవరూ ‘సరిచేశాం’ అని చెప్పకూడదు.”

సాంబశివరావు గారు ఆ మాటను లలిత గారికి ఉన్నదున్నట్టు చేరవేశారు. ఆవిడ తన సొంత నంబరు ఇచ్చారు. దానికి ఆసుపత్రి యాజమాన్యం మొదట ఒప్పుకోలేదు. ఓపీ మధ్యలో డాక్టరును కదిలించడం పద్ధతి కాదన్నారు. లలిత గారే పట్టుబట్టారు.

కొన్నాళ్లపాటు ఆ అవసరమే రాలేదు. వచ్చిన రోజు నేను ఏదో తీగ సరిచేయడానికి లలిత గారి గదిలో బల్ల కింద ఉన్నాను. ఆవిడ ఫోన్ మోగింది. బయట వరండా నిండా జనం. ఆవిడ ఎదురుగా ఉన్న రోగికి చెయ్యి చూపి ఆగమని, ఫోన్ స్పీకరులో పెట్టారు.

“మేడమ్, మీ దగ్గర గీతలో నూట పది వచ్చిందటండి. నాకు ఎనభై తగిలింది.”

“మళ్లీ లెక్కపెట్టు. పూర్తి నిమిషం. నేను లైన్లో ఉంటాను.”

బల్ల కింద నేను పని ఆపేశాను. స్క్రిప్టు మళ్లీ ఏమైనా తింటోందా అని నా అనుమానం. ఫోన్ అవతల ఎక్కడో చంటిబిడ్డ ఏడుస్తోంది.

“మేడమ్,” అంది నాగమణి. “నూట పదేనండి. ఆ ఏడుపులో ఇందాక నా లెక్క తప్పింది. గీతే సరైంది. మీ పని చెడగొట్టాను.”

“ఏం చెడలేదు” అన్నారు లలిత గారు. “రేపు తేడా అనిపించినా ఇలాగే ఫోన్ చెయ్యి.”

ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న రోగి వైపు తిరిగి, “ఆఁ, చెప్పండి, ఎక్కడ ఆపారు?” అన్నారు.